గొడుగుల సాయంత్రానికి సాక్షులు

ముప్పై ఒక్క ఏళ్ళు రికార్డు రూములో పనిచేసినదాన్ని. కాగితం లేని మాటంటే నాకు మహా చిరాకు. ఎవరైనా వచ్చి "ఆ స్థలం మా తాతదేనండీ, ఊరంతా తెలుసు" అంటే, "ఊరంతా వచ్చి సంతకం పెడుతుందా మరి?" అనేదాన్ని. వెనకాల నన్ను రుజువేదమ్మ అని పిలిచేవాళ్ళట. పిలుచుకోనీ. నా బల్ల మీద నుంచి ఒక్క తప్పుడు కాగితం బయటికి పోలేదు. ఆ తిక్కంతా తీసుకొచ్చి ఇప్పుడు ఈ ఇద్దరు పిల్లలకి అంటించాను.

పిల్లలు మా చెల్లెలి పిల్లలు. అది పోయి మూడేళ్ళయింది. పెద్దవాడికి పదేళ్ళు. ప్రతిదానికీ వాదనే, అందుకని వాణ్ణి ప్లీడరంటాను. చిన్నదానికి ఆరున్నర. పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ పడితే అక్కడ దొర్లుతూ ఉంటుంది, అది బుడంకాయ. వాళ్ళ నాన్న, అంటే మా మరిది, సిటీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోకి పోతాడు.

బతికున్నప్పుడు మా చెల్లెలు ప్లీడర్ని ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పేది. అది పోయాక బళ్ళో వేస్తే వాడు గేటు ఊచలు పట్టుకుని వదల్లేదు. నలుగురు పట్టి లాగినా రాలేదు. నాలుగు రోజులు ఈ గొడవ చూసి, మా మరిది నా ముందు తల వంచుకుని నిలబడి, "వదినా, మీరేమైనా చెప్పగలరా వీళ్ళకి?" అన్నాడు. "నా మొహం! పిల్లా జెల్లా లేనిదాన్ని, నాకేం చేతనవుతుంది?" అని గయ్యిమన్నాను. ఆ నెలాఖరుకే ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి ఇక్కడే ఉండిపోయాను.

మా బడికి గంట లేదు గానీ పద్ధతుంది. పొద్దున ఆటలు, తర్వాత రాత, భోజనమయ్యాక చరిత్ర. ఇవాళ పొద్దున వరండాలో సుద్దతో తొక్కుడుబిళ్ళ గడులు గీశాను. గడిలో అంకె ఉంటుంది, బిళ్ళ ఎక్కడ పడితే ఆ ఎక్కం ఒంటికాలి మీద నిలబడి అప్పజెప్పాలి. ప్లీడరుకి ఏడో ఎక్కం పడింది, గడగడా చెప్పేశాడు. బుడంకాయ బిళ్ళ నాలుగులో పడితే, ఎవరూ చూడట్లేదనుకుని కాలి బొటనవేలితో రెండులోకి నెట్టింది.

"ఏమే, అదేం పని?" అన్నాను.

"గాలికి జరిగింది పెద్దమ్మా."

"గాలికి రాయి జరిగిందా?" అన్నాడు ప్లీడరు. "రుజువేదీ?"

"గాలికి రుజువు ఉండదు," అంది అది, కళ్ళు గుండ్రంగా తిప్పుతూ. నాకు నవ్వాగలేదు. ఇలాంటి దొంగ సాక్ష్యాలు ఆఫీసులో కూడా వినలేదు నేను.

తర్వాత రాత. ఇదుగో, ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. రోజూ ఏదో ఒక విషయమిచ్చి అరపేజీ రాయమంటాను. మొన్న కుళాయి గురించి, నిన్న పై అంతస్తు మెట్ల గురించి. ఇవాళ మాత్రం, మధ్యాహ్నం చరిత్రకి పనికొస్తుంది కదా అని, "మీకు గుర్తున్న సంగతుల్లో అన్నిటికంటే పాతది రాయండి" అన్నాను. నాకు ఆ క్షణాన ఏమీ తట్టలేదు. పిల్లలిద్దరూ బల్ల మీదికి వంగి రాసుకుంటుంటే, నేను ఉతికిన బట్టలు మడతలు పెడుతూ కూర్చున్నాను.

మా చరిత్ర పాఠం సంగతి చెప్పాలి. ఆఫీసు వదిలేటప్పుడు ఒక రబ్బరు స్టాంపు తెచ్చుకున్నాను. 'సరిచూడబడినది' అని ఉంటుంది. నిజానికది ఆఫీసు సొత్తు. నా జన్మలో చేసిన దొంగతనం అదొక్కటే. పిల్లల దగ్గర లావుపాటి అట్ట పుస్తకం ఒకటుంది, 'ఇంటి చరిత్ర' అని ప్లీడరు పైన రాశాడు. ఎవరైనా ఒక సంగతి చెబితే ముందు విచారణ. చూసిందా, విన్నదా? చూసిందైతే ఇంకో సాక్షి ఉన్నాడా, లేకపోతే ఏదైనా వస్తువుందా? ఉంటే స్టాంపు పడుతుంది, పుస్తకంలోకి ఎక్కుతుంది. లేకపోతే కాగితం చెప్పుల డబ్బాలోకి పోతుంది, రుజువు దొరికేదాకా అక్కడే ఉంటుంది. విన్నదైతే డబ్బాలోకి కూడా రానివ్వం.

ఈ రూలు విషయంలో నాకంటే ప్లీడరు చండశాసనుడు. వాళ్ళ నాన్న ఒకసారి, "నీ వయసులో నేను ఒక్క ఆటలో మూడు గోల్స్ కొట్టాన్రా" అన్నాడు. "ఎవరు చూశారు?" అన్నాడు వీడు. పాపం మా మరిది, డ్యూటీ దిగి ఇంకా బూట్లు కూడా విప్పలేదు, నోరు వెళ్ళబెట్టాడు. ఆ మూడు గోల్స్ ఇప్పటికీ చెప్పుల డబ్బాలోనే ఉన్నాయి.

భోజనాలయ్యాక ముందు అసలు చరిత్ర చెప్పాను. ఇద్దరు రాజులు యుద్ధం చేశారు. ఒకాయన నేనే గెలిచానని రాయి మీద చెక్కించాడు, రెండో ఆయన కూడా తన ఊళ్ళో నేనే గెలిచానని చెక్కించాడు. "ఇప్పుడు మనం ఎవర్ని నమ్మాలి?" అన్నాను.

"ఎవర్నీ నమ్మకూడదు. మూడో రాయి వెతకాలి," అన్నాడు ప్లీడరు. శభాష్ అనుకున్నాను లోపల. పైకి అంటే నెత్తికెక్కుతాడు.

"ఇద్దరూ గెలిస్తే ఓడిపోయిందెవరు?" అంది బుడంకాయ. కాసేపు ఆలోచించి, "గుర్రాలు" అని తనే చెప్పుకుంది.

సరే, ఇక మీ కాగితాలు తియ్యండి అన్నాను. ప్లీడరు తనది చదివాడు. నాన్న ఒళ్ళో కూర్చుని బస్సు హారను నొక్కాడట, రెండేళ్ళప్పుడు. "సాక్షి నాన్న. సాయంత్రం వచ్చాక అడుగుతాను. అందాకా డబ్బాలో," అని తన కాగితం తనే మడిచి డబ్బాలో వేసుకున్నాడు. వాడికి తన పర భేదాల్లేవు.

బుడంకాయ లేచి నిలబడింది. చదివేటప్పుడు నిలబడాలని దాని లెక్క. కాగితం మొహానికి ఆనించుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది.

"అమ్మ నన్ను ఎత్తుకుంది. మేము కిటికీ దగ్గర ఉన్నాం. వాన వస్తోంది. కింద గొడుగులు పోతున్నాయి. ఎర్ర గొడుగు వస్తే అమ్మ నాకు ముద్దు పెడుతుంది. మూడు వచ్చాయి. నాలుగోది వస్తుందని చూశాం. రాలేదు. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది."

పొద్దున మిగిలిన బట్టలు మడతపెడుతున్నాను, చేతిలో ఉన్న పిల్లాడి చొక్కా జారి కింద పడింది.

ఆ కిటికీ దగ్గర నిలబడింది మా చెల్లెలు కాదు. నేను. బుడంకాయ పుట్టినప్పటి నుంచీ మా చెల్లెలి గుండె బాగాలేదు. నీళ్ళ బిందె కాదు కదా, పిల్లని కూడా ఎత్తొద్దన్నారు డాక్టర్లు. అది కుర్చీలో కూర్చుంటే ఇది కింద కూర్చుని దాని మోకాళ్ళకి తల ఆనించుకునేది. ఎత్తుకునే యోగం ఆ తల్లికి రాసిపెట్టి లేదు. ఆఖరి ఆరు వారాలు ఆస్పత్రిలోనే ఉంది. నేను సెలవు పెట్టి ఇక్కడికొచ్చి పిల్లల్ని చూసుకున్నాను. సాయంత్రమయ్యేసరికి బుడంకాయ అమ్మేదని గుక్కపట్టేది. దాన్ని మరిపించడానికి చంకనేసుకుని ఈ మూడో అంతస్తు కిటికీలోంచి గొడుగులు చూపించేదాన్ని. ఎర్ర గొడుగుకో ముద్దు, అదీ మా పందెం. ఆ రోజు మూడు గొడుగులు వచ్చాయి. నాలుగోది వచ్చేలోపు ఫోను మోగింది. ఫోను ఎత్తింది ప్లీడరు, అప్పుడు వాడికి ఏడేళ్ళు. ఏమీ అర్థంకాక నా చేతికిచ్చాడు. ఇది చంకలో ఉండగానే ఆ మాట విన్నాను. కూలబడిపోకుండా దీన్నే పట్టుకుని నిలబడ్డాను. గట్టిగా పట్టుకున్న పట్టు అది.

ప్లీడరు వంక చూశాను. వాడు బల్ల మీద రబ్బరు ముక్కని గోటితో గిల్లుతున్నాడు. తల ఎత్తలేదు. వాడికి అన్నీ గుర్తున్నాయి.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. స్టాంపు కొట్టి పక్కన పెట్టేస్తే అయిపోయేది. కానీ ఉన్నదున్నట్టు చెబుతాను, నాకు కడుపు మండింది. మూడేళ్ళుగా దీనికి తల దువ్వేది నేను, జ్వరమొస్తే గుడ్డ తడిపి వేసేది నేను, దీని పక్కలో పడుకుని దీని కాళ్ళ తాపులు తినేది నేను. చెల్లెలంటే నాకు ప్రాణమే. అయినా సరే, ఆ ముద్దులు నావి. ఆ సాయంత్రం నాది. దీని పాత జ్ఞాపకంలో ఉన్నది నేనని తెలిసి పొంగిపోవాల్సిన క్షణంలో, అది నా పేరున లేదని తెలిసింది. అందుకని అలవాటైన పనే చేశాను. విచారణ మొదలెట్టాను.

"అమ్మ మొహం కనిపించిందా?"

"లేదు. నేను కిందికి చూస్తున్నా కదా, గొడుగుల్ని."

"మరి అమ్మే అని ఎలా తెలుసు?"

"ఎత్తుకుంది కదా!" అంది, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎక్కడా వినలేదన్నట్టు.

"ఇంకేం గుర్తుంది?"

కళ్ళు మూసుకుంది. "చేతికి వాచీ ఉంది. నా కాలికి చల్లగా తగిలింది. నీకున్నట్టే, గొలుసు వాచీ."

చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాను. మా చెల్లెలు ఎన్నడూ వాచీ పెట్టుకుని ఎరగదు. గోడ మీద ఉంది కదే, చేతికెందుకు అనేది.

"మీ అమ్మకి వాచీ..." అని ఆగాను. ఆగడమే తప్పయింది. బుడంకాయ కళ్ళు తెరిచి నన్ను చూసింది, వాళ్ళన్నని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. దాని మొహంలో రంగు మారిపోయింది.

"అంటే, అమ్మ కాదా?"

కాగితాన్ని వెనక్కి దాచుకుంది అది, నేనేదో లాక్కుంటానని.

"అది కాదే తల్లీ," అన్నాను కంగారుగా. "మీ అమ్మ సంగతులు ఎన్ని లేవు? నీ వీపు మీద వేలితో అక్షరాలు రాసి, ఏం రాశానో చెప్పు అని అడిగేది. తను ఏది రాసినా నువ్వు సున్నా అనేదానివి. నిద్రపోయే ముందు నీ పది వేళ్ళకీ ఒక్కోదానికీ శుభరాత్రి చెప్పించేది. అవన్నీ రాద్దాం. ఎంతెంత బాగుంటాయి!"

అవన్నీ నిజాలు. ఒక్కో దానికీ నేనే సాక్షిని. కావాలంటే ప్రమాణం చేస్తాను.

బుడంకాయ తల అడ్డంగా ఊపింది. "అవి నువ్వు చెప్పావు పెద్దమ్మా. నేను చూడలేదు. విన్నవి లెక్కలోకి రావు." ఆ తర్వాత, కాగితాన్ని పొట్టకి అదుముకుని, "నేను చూసింది ఇదొక్కటే," అంది.

దేవుడా, ఏం చేశాను నేను! ముచ్చటగా ఉందని నేర్పిన రూలు. దాంతో ఆ పసిది వాళ్ళమ్మ నిజాలన్నిటినీ ఒక్కొక్కటే అవతల పారేసుకుంది. నేను చెప్పినవి, వాళ్ళ నాన్న చెప్పినవి, అన్నీ. మిగుల్చుకున్నది ఈ ఒక్క సాయంత్రాన్ని. అది కూడా అబద్ధమని తేలిస్తే దీనికిక అమ్మే లేదు. ఆ వేళ వాళ్ళమ్మ ఎక్కడుందో, ఆ ఫోను ఏమిటో కూడా చెప్పాల్సి వస్తుంది. అయినా నిజం చెబితే పిల్ల దక్కుతుందనే ఆశ ఒక మూల ఇంకా కదులుతూనే ఉంది. ఆ ఆశని చూస్తే నా మీద నాకే అసహ్యమేసింది.

"నేను చూశాను," అన్నాడు ప్లీడరు.

ఇద్దరం వాడి వైపు తిరిగాం. వాడు రబ్బరు ముక్క పక్కన పెట్టి, చేతులు బల్ల మీద ఆనించి కూర్చున్నాడు.

"నేను ఆ సోఫాలో ఉన్నా. అమ్మే నిన్ను ఎత్తుకుంది. అమ్మకి కూడా వాచీ ఉండేది. తాతయ్య అమ్మకీ పెద్దమ్మకీ ఒకే రకం కొనిపెట్టాడు."

మా నాన్న జన్మలో ఎవరికీ వాచీ కొన్న పాపాన పోలేదు. నాది ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినప్పుడు మా ఆఫీసు వాళ్ళు ఇచ్చింది.

"ఇప్పుడేది అది?" అంది బుడంకాయ. రూలంటే రూలే దానికి.

"పోయింది. ఆస్పత్రిలో ఎవరో తీసేశారు. వస్తువు లేదు. కానీ సాక్షి ఉంటే వస్తువు అక్కర్లేదు." నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "కదా పెద్దమ్మా?"

పదేళ్ళ పిల్లాడు. ఫోను ఎత్తిన పిల్లాడు. తండ్రి కొట్టిన గోల్స్‌నే నమ్మనివాడు, చెల్లెలి కోసం ఇంత అబద్ధం ఒక్క తొట్రుపాటు లేకుండా ఆడాడు. వాడి చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. నేను పెద్దదాన్నయి చెయ్యాల్సిన పని వాడు చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అవున్రా," అన్నాను. "అక్కర్లేదు."

బుడంకాయ కాగితం బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. వాళ్ళన్న సాక్షి దగ్గర సంతకం పెట్టాడు. వాడి సంతకం ఎప్పుడూ గీత గీసినట్టు ఉంటుంది, ఇవాళ చివరి అక్షరం పక్కకి ఒరిగిపోయింది. నేను స్టాంపు తీసి, సిరా మీద అద్ది, కొట్టాను. సరిచూడబడినది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పుడు కాగితం మీదా కొట్టనిది, ఇవాళ కొట్టాను. బుడంకాయ తడి ఆరేదాకా ఊదింది. ఆ కాగితాన్ని పుస్తకంలో అంటించి, దాని కింద ఆ వేళ ఎవరెవరున్నారో రాయడం మొదలెట్టింది. అమ్మ. నేను. అన్నయ్య. నాన్న బస్సు మీద. అంతవరకు రాసి పెన్సిలు నోట్లో పెట్టుకుంది.

"పెద్దమ్మా, నువ్వెక్కడున్నావు?"

ఉన్నానని చెప్పొచ్చు. రెండో సాక్షినవుతాను. కానీ ఉన్నానంటే ఏం చూశావు, ఎక్కడ నిలబడ్డావు, అమ్మ ఏమంది అని అడుగుతుంది. ఆ ప్రశ్నలన్నీ నేను నేర్పినవే. వాటికి జవాబులు చెబుతూ, నా చేతుల్ని ఇంకొకరి చేతులని వర్ణించే శక్తి నాకు లేదు.

"నేను లేనే. ఆఫీసులో ఉన్నాను," అన్నాను.

అది వంగి రాసింది. పెద్దమ్మ లేదు. ప్లీడరు గబుక్కున కుర్చీ వెనక్కి తోసి బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాడు. కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు వినిపించింది.

"అయ్యో పాపం," అంది బుడంకాయ నా భుజం నిమురుతూ. "నువ్వు చూడనే లేదా? ఎంత బాగుందో తెలుసా? లే, నన్నెత్తుకో, చూపిస్తా."

లేచేముందు వాచీ తీసి బల్ల మీద పెట్టాను. గీసుకుంటుంది అన్నాను. ఆరున్నరేళ్ళ పిల్ల, ఇప్పుడు మంచి బరువు, నా మోకాళ్ళు కలుక్కుమన్నాయి. చంకనేసుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బయట ఎండ కాస్తోంది. కింద వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. బుడంకాయ నా చెయ్యి పట్టుకుని తన కాలి మీద ఒక చోట పెట్టి చూసింది, కాదని ఇంకాస్త కిందికి జరిపింది. తల నా భుజానికి ఆనించింది, మళ్ళీ ఎత్తింది. కళ్ళు మూసుకుని కాసేపు కదలకుండా ఉంది.

"ఊఁహూఁ," అంది చివరికి. "ఇలా కాదు. ఏదో తేడాగా ఉంది. నీకు రాదులే పెద్దమ్మా, అమ్మకే వచ్చు."

"అవునే," అన్నాను. "నాకు రాదు."